గంజి పెట్టిన గాలాలు

ఆ రోజుల్లో నా ఇంగ్లీషు మొత్తం రెండు మాటల్లో సరిపోయేది. ఒకటి "యెస్", రెండోది "సార్". పై అధికారి ఏదైనా అడిగితే దానికి జవాబు "అవును" అని, అది ఏ ప్రశ్నయినా సరేనని, నాకెవరూ ప్రత్యేకంగా నేర్పలేదు. మాస్టారు "అర్థమైందా?" అనగానే తరగతి మొత్తం "అర్థమైంది సార్" అని ఒక్క గొంతుతో అరిచే చోట చదువుకున్నవాడికి అది వేరే నేర్పక్కర్లేదు. (కాలేదన్న ఒక్కగానొక్క కుర్రాణ్ణి బెంచీ ఎక్కించడం కూడా కళ్ళారా చూశాను మరి.) ఆ అలవాటు పుణ్యమా అని, పుట్టి బుద్ధెరిగి చేప ముక్క నోట పెట్టని నేను, సింగపూర్లో ఓ అద్దె ఫ్లాట్‌లో కూర్చుని, న్యూజిలాండ్‌లో చలికాలపు నదుల్లో తిరిగే ట్రౌట్ చేపల కోసం ముప్పై ఆరు దొంగ పురుగులు కట్టాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం వ్యవహారం పెట్టె సర్దుకోవడం దాకా వచ్చింది.

నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. చీరాల దగ్గర మగ్గాల సందులో పుట్టి, కిందా మీదా పడి ఇంజనీరింగ్ పూర్తి చేసి, జురాంగ్ ఐలాండ్‌లో ఓ రసాయనాల ప్లాంట్‌లో చిన్న ఇంజనీరుగా చేరాను. ఆరు నెలలు ప్రొబేషన్. ఆర్నెల్లయ్యాక మా సెక్షన్ పెద్ద ఒక ఉత్తరం మీద సంతకం పెడితే ఉద్యోగం ఖాయం, పెట్టకపోతే వర్క్ పాస్ రద్దు, విమానం ఎక్కడమే. ఆ పెద్ద న్యూజిలాండ్ నుంచి వచ్చిన మనిషి, అరవైకి దగ్గర పడ్డాడు, ఎర్రటి ముక్కు, తెల్లటి కనుబొమలు. ఎవరినైనా చీవాట్లు పెట్టబోయే ముందు గొంతు సవరించుకోవడం ఆయన పద్ధతి. ఒకసారి సవరిస్తే చిన్న తప్పు, రెండుసార్లయితే పెద్ద తప్పు. మూడుసార్లు సవరించగా విన్నవాళ్ళెవరూ ప్లాంట్‌లో మిగల్లేదని చెప్పుకునేవారు. అందుకని మేం తెలుగువాళ్ళం ఆయనకు సవరింపు దొర అని పేరు పెట్టుకున్నాం. (ఆయన మాట్లాడింది ఇంగ్లీషే. నాకు గుర్తున్నంత మేరకు తెలుగులో చెబుతున్నాను, ఆయన ఏమీ అనుకోడు.)

చేరిన రెండో వారంలోనే నా నోరు నన్ను గోతిలోకి దించింది. క్యాంటీన్‌లో నేను డబ్బా తెరుచుకుని పెరుగన్నం తింటుంటే దొర వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. మీదే ఊరన్నాడు. చెప్పాను. సముద్రం దగ్గరా అన్నాడు. యెస్ సార్. అయితే చేపలు పడతావన్నమాట అన్నాడు. యెస్ సార్. ఆయన ముఖం వెలిగిపోయింది. ఎలాంటి చేపలన్నాడు. "పెద్దవి సార్" అన్నాను. ఎరగా ఏం వాడతారన్నాడు. "అన్నీ సార్" అన్నాను. ఎదురుగా నా పెరుగన్నంలో ఆవకాయ ముక్క తప్ప ఇంకే ప్రాణీ లేదు. ఆ రోజు నుంచి దొర నన్ను చూస్తే చాలు, సాటి జాలరిని చూసినట్టు తలాడించేవాడు. ఉద్యోగానికి ఇంతకంటే బీమా ఏముంటుందని నేనూ సంతోషించాను.

ఏప్రిల్ నెల చివర్లో ఒక మధ్యాహ్నం ఏదో పర్మిట్ కాగితం మీద సంతకం కోసం ఆయన గదికి వెళ్ళాను. బల్ల అంచుకు చిన్న పట్టకారు లాంటి మర బిగించి ఉంది. దాని నోట్లో గోరంత గాలం. పక్కన నెమలి ఈకల్లాంటివేవో ఈకలు, బూడిద రంగు బొచ్చు, రాగి తీగ, సీసపు తీగ. దొర చేతిలో సన్నటి దారం చుట్టిన చిన్న కండె. ఆ కండెను చూడగానే ఇల్లు గుర్తొచ్చింది, ఎందుకంటే మా ఇంట్లో మంచం కింద, బియ్యం డబ్బా వెనక, ఎక్కడ చెయ్యి పెట్టినా తగిలేవి కండెలే. దొర ఆ గాలానికి దారం చుట్టబోతున్నాడు, కానీ ఆయన వేళ్ళు వణుకుతున్నాయి. దారం తెగింది. మళ్ళీ చుట్టాడు, మళ్ళీ తెగింది. మూడోసారి తెగినప్పుడు, నా బుర్ర ఏదైనా ఆలోచించే లోపలే నా చెయ్యి ముందుకెళ్ళి ఆ రెండు కొసలూ పట్టుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్క మెలి పెట్టి అతికేసింది. దొర దారాన్ని లాగి చూశాడు. తెగలేదు. అతుకు కోసం వెతికాడు. కనిపించలేదు. అప్పుడు నా వంక చూసి, "ఇంతకు ముందు నింఫ్‌లు కట్టావా?" అన్నాడు.

నేనేమన్నానో వేరే చెప్పాలా?

నింఫ్ అంటే ఏమిటో ఆయనే తర్వాత, తనలో తాను మురిసిపోతూ, నాకు తెలిసిన విషయాన్నే గుర్తుచేస్తున్నట్టుగా చెప్పాడు. రెక్కలు రాకముందు నీటి అడుగున రాళ్ళ సందుల్లో పాకే పురుగు పిల్ల అది. గాలానికి ఈకా, బొచ్చూ, దారం చుట్టి అచ్చం దానిలా కనిపించే బొమ్మ కడతారు. మనకు జూన్, జూలై ఎంత ఉక్కగా ఉంటాయో ఆయన ఊళ్ళో అంత చలి. ఆ చలికి చేప పైకి రాదు, ఒళ్ళు కదల్చదు, అడుగునే పడుకుని నోటి ముందుకొచ్చింది మాత్రమే తింటుంది. కాబట్టి చలికాలం నింఫ్ మూడు పనులు చెయ్యాలి: చిన్నదిగా ఉండాలి, మట్టి రంగులో ఉండాలి, అన్నిటికంటే ముఖ్యంగా బండరాయిలా మునగాలి. అందుకే లోపల ముందు సీసపు తీగ చుట్టి, దాని మీద ఈక చుట్టి, ఆఖర్న సూదితో బొచ్చంతా పీకి చింపిరి చింపిరిగా చెయ్యాలి. "అందంగా ఉంటే చేప నమ్మదు" అన్నాడు. యెస్ సార్ అన్నాను.

ఏటా జూన్ నెలాఖర్లో రెండు వారాలు ఆయనా ఆయన తమ్ముడూ కలిసి ఒకే నది ఒడ్డున చేపలు పడతారట. నలభై ఏళ్ళుగా వాళ్ళకొక నియమం: గాలానికి కట్టే పురుగు తన చేత్తో కట్టిందన్నా కావాలి, స్నేహితుడు కట్టి ఇచ్చిందన్నా కావాలి, అంగట్లో కొన్నది పనికిరాదు. ఆయన తన చేతుల వంక ఒకసారి చూసుకుని, చూసినట్టు నేను గమనించానేమోనని నా వంక చూసి, "మూడు డజన్లు కట్టగలవా?" అన్నాడు. ఆయన తిరిగొచ్చిన వారానికి నా ఆర్నెల్లు పూర్తవుతాయి. నేను ఆ అట్టపెట్టెను రెండు చేతులా అందుకున్నాను.

యూ టీ అనే పేటలో నాతో ఫ్లాట్‌లో ఉండేది కరీంనగర్ నుంచి వచ్చిన ఒక అన్న. సెంబవాంగ్ షిప్‌యార్డులో పని, నాకంటే పదేళ్ళు పెద్ద. చేపల పులుసంటే ప్రాణం పెడతాడు కానీ నా మొహం చూసి ఇంట్లో వండడు. ఆ రోజు నేను పెట్టె తెరిస్తే అందులోంచి కుందేలు చెవులు రెండు బయటపడ్డాయి, బొచ్చుతో సహా.

"ఏందే తమ్మీ గిది? పెరుగు పుల్లగైతెనే మొఖం తిప్పుకునేటోనివి, కుందేలు చెవులు తెచ్చినవా ఇంట్లకు?"

"ఆఫీసు పని అన్నా."

"గిదేం ఆఫీసే? గాలమంటే ఎర్రలు గుచ్చాలె గని, ఈకలు కడ్తరా ఎవలన్న?"

ఆ చెవుల్ని దేవుడి పటం ఎదురుగా పెట్టలేక, చెప్పుల స్టాండులో పై అరలో దాచాను. రాత్రి భోజనాలయ్యాక మొదటి నింఫ్ కట్టాను. చూసుకుంటే ఏడుపొచ్చింది. దొర చెప్పినట్టే సీసపు తీగ చుట్టాను, దాని మీద ఈక చుడితే మధ్యలో గడ్డలు గడ్డలుగా వచ్చింది. నేత ఇంట్లో పుట్టినవాడికి గడ్డ కనిపిస్తే కంట్లో నలుసు పడ్డట్టే. చిన్నప్పుడు నేను అతికిన పోగులో ఇంత ముడి కనిపిస్తే మా అక్క ఊరుకునేది కాదు. మా సందు మొత్తం మీద అతుకులకు మా అక్కే పేరు. పాత పడుగు అయిపోయి కొత్త పడుగు ఎక్కించేటప్పుడు, వేల పోగులు ఒక్కొక్కటీ వేళ్ళకు బూడిద అద్దుకుని మెలిపెట్టి కలపాలి. అక్క కలిపితే ఎక్కడ పాతది అయిపోయిందో ఎక్కడ కొత్తది మొదలైందో నేసేవాడికి కూడా తెలిసేది కాదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "అతుకు కనపడితే అది అతుకు కాదురా, ముడి" అని నెత్తి మీద మొట్టేది. మెచ్చుకోవడం అనేది ఆమె ఎన్నడూ ఎరగదు. "ఫర్లేదు" అన్నదంటే పండగే. ఆ మాట కోసమే నేను వేసవి సెలవులన్నీ బూడిద చేతులతో గడిపాను, ఆ మాట మాత్రం రాలేదు.

అందుకని కాలింగ్ కార్డు గీకి అక్కకు ఫోన్ చేశాను. చేపల సంగతి చెప్పలేదు. నీచు గిన్నె కడిగిన నీళ్ళు తొక్కినా తలస్నానం చేసే ఇల్లు మాది. చెబితే సముద్రం దాటి వచ్చి మొట్టుతుందని భయం.

"అక్కా, మా దొరగారికి దారంతో చిన్న చిన్న బొమ్మలు కట్టాలి. ఈక చుడుతుంటే పోగులు లేస్తున్నాయి, నునుపు రావట్లా."

"బొమ్మలేంట్రా, ఇంజనీరు పని ఇచ్చారన్నావుగా?"

"ఇది కూడా అందులోనే."

"సర్లే. దారానికి గంజి పెట్టావా?"

"లేదు."

"గంజి పెట్టని దారం లేవకేం చేసుద్ది? పల్చగా గంజి కాచుకో. రెండు చుక్కలు కొబ్బరినూనె వెయ్యి. కుంచెతో ఒకే వైపుకి దువ్వు, ఎనక్కి ముందుకీ రుద్దమాక. నీడన ఆరబెట్టు. అయినాక మళ్ళీ పైన ఒక చేయి నూనె. ఇంక చూసుకో, పట్టులాగా ఉంటది. ఇంతకీ కింద గడ్డలేంటి?"

"లోపల తీగ ఉందక్కా."

"ఎందుకది? తీసెయ్యి. గడ్డ మీద ఎవడన్నా నేస్తాడా?"

తీసేశాను. ఎంత హాయిగా ఉందో! సీసం లేకుండా చుడితే ఒళ్ళు నున్నగా, చిట్టెలుక తోకలా సన్నగా వచ్చింది. రైస్ కుక్కర్లో గంజి కాచాను. కొత్త టూత్‌బ్రష్‌ను కుంచె చేసుకున్నాను. సూదితో పీకి చింపిరి చెయ్యమన్న దొర మాట గుర్తొచ్చింది కానీ, నేసిన బట్టను చేజేతులా చింపడం నా వల్ల కాలేదు. మూడు వారాలు, రోజూ ఆఫీసు బస్సు దిగి రావడం, లుంగీ కట్టుకోవడం, గంజి పెట్టడం, నూనె దువ్వడం. ముప్పై ఆరూ అయ్యాక ఒక దారానికి వరసగా గుచ్చి, గాలి తగిలేలా మా కారిడార్‌లో బట్టల స్టాండుకు కట్టి ఆఫీసుకు పోయాను. సాయంత్రం వచ్చేసరికి పక్క ఫ్లాట్ చైనీస్ ఆంటీ చేతిలో స్ప్రే డబ్బాతో నా తలుపు ముందు నిలబడి ఉంది.

"అయ్యో బాయ్, యువర్ హౌస్ సో మెనీ ఇన్‌సెక్ట్ ఆ! ఐ ఆల్రెడీ స్ప్రే, స్టిల్ నెవర్ డై!"

"ఆంటీ, నాట్ రియల్ ఆంటీ! ఫర్ ఫిషింగ్!"

ఆమె దగ్గరగా వంగి చూసి, ఒకదాన్ని గోటితో పొడిచి, "వా, లైక్ రియల్ వన్ లా" అని నన్ను గౌరవంగా చూసింది. ఆమె కొట్టిన స్ప్రే తాలూకు లావెండర్ పువ్వుల వాసన గుప్పుమంటోంది. నాకు కోపం రాలేదు సరికదా, గర్వంతో ఛాతీ ఉబ్బింది. మనిషినే నమ్మించిన పురుగు చేపనెంత!

అన్నకు మాత్రం అనుమానం పోలేదు. "ఒక్కటి బకెట్ల ఏసి సూద్దాం తియ్యే" అన్నాడు. "గంజి పెట్టిన బట్టను కట్టకముందే తడుపుతారా ఎవరైనా?" అని నేను ఆయన నోరు మూయించాను. (అంత చదువుకున్నవాణ్ణి, నీళ్ళలో వాడాల్సిన వస్తువు గురించి ఆ మాటన్నాను. రాసుకోవడానికి సిగ్గుగానే ఉంది.)

దొర పెట్టె తెరిచి, కళ్ళజోడు పెట్టుకుని, ఒకదాన్ని వెలుగులోకి ఎత్తి చాలాసేపు చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకుని ఒకసారి పీల్చాడు కూడా. "చాలా నాజూగ్గా ఉన్నాయి" అన్నాడు, మెచ్చుకోలో అనుమానమో తెలియని గొంతుతో. "లోపల సీసం చుట్టావు కదా?"

"యెస్ సార్."

అది నోట్లోంచి జారిపోయింది, అంతే. మరుసటి రోజు ఆయన విమానమెక్కాడు.

ఆయన వెళ్ళిన పదో రోజు, ఆదివారం, నేను స్నానం చేసి వచ్చేసరికి అన్న బకెట్ ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. నా అభ్యాసపు పురుగుల్లో ఒకటి సోఫా కింద దొరికిందట. నన్ను చూసి వేలు చూపించాడు. బకెట్ నీళ్ళ మధ్యలో నా నింఫ్ దర్జాగా తేలుతోంది. నేను వేలితో నొక్కాను, మునిగింది. వేలు తీశాను, పైకి లేచింది. మళ్ళీ నొక్కాను. ఈసారి ఇంకా హుషారుగా లేచి, గిర్రున ఒక చుట్టు తిరిగింది. రెండు పూతల నూనె, లోపల బరువు లేదు, ఇంక మునగమంటే ఎలా మునుగుతుంది?

"తమ్మీ, మీ సారుకు గివే ఇచ్చినవా?"

"గివే ఇచ్చానన్నా."

"అన్నీ?"

"అన్నీ."

అన్న లేచి వెళ్ళి టీ పెట్టాడు. ఆ వారమంతా నేనెలా ఉన్నానో చెప్పలేను. కళ్ళు మూసుకుంటే మంచు కొండల మధ్య ఒక నది, దాని మీద నా ముప్పై ఆరు పురుగులు వరసగా తేలుకుంటూ పోతున్నట్టే ఉండేది. చేతులు వణికే పెద్దాయన, ఏడాదికొక్కసారి తమ్ముణ్ణి కలిసే మనిషి, నన్ను నమ్మి చలిలో నిలబడ్డాడు. ఉద్యోగం పోతుందన్న భయం ఒకెత్తు, ఈ సిగ్గు ఇంకో ఎత్తు. మంచం కింద సూట్‌కేసు లాగి, తొడుక్కోని చొక్కాలు ముందు సర్దాను. అక్కకు ఫోన్ చేసి, "ఒకవేళ నేను తిరిగొచ్చేస్తే ఏమంటావు?" అన్నాను. "రా, ఇక్కడ అతికేవాళ్ళు దొరకట్లా" అంది. ఓదార్పో వెక్కిరింతో నాకర్థం కాలేదు.

ఆ పై సోమవారం దొర వచ్చాడు. ముక్కు మీద తోలు ఊడి ఉంది. నన్ను గదికి పిలిచాడు. బల్ల మీద ఒకవైపు నా అట్టపెట్టె, ఇంకోవైపు కంపెనీ ముద్ర ఉన్న ఉత్తరం. ఆయన గొంతు సవరించుకున్నాడు. నేను ఒకటి అనుకున్నాను. మళ్ళీ సవరించుకున్నాడు. రెండు. మూడోసారి సవరించుకున్నప్పుడు ఆయన కూర్చోమనకుండానే కుర్చీలో కూలబడ్డాను.

"అన్నీ తేలాయి" అన్నాడు. "మొదటిది తేలింది. రెండోది తేలింది. నది పొడవునా లావెండర్ వాసన. నా తమ్ముడు నవ్వి నవ్వి రాయి మీద నుంచి జారి నీళ్ళలో కూర్చున్నాడు. ఆ చలిలో! వాడి పెళ్ళాం పోయాక వాడు నవ్వడం చూడటం నాకదే మొదటిసారి." అట్టపెట్టెను నా వైపు జరిపాడు. "ఒకటి విప్పి సీసం చుడదామని కూర్చున్నాను. గంటసేపు వెతికినా దారం కొస దొరకలేదు. భూతద్దం పెట్టి వాడూ వెతికాడు. చివరికి కత్తితో కొయ్యాల్సొచ్చింది. ఇలా కట్టడం నీకెవరు నేర్పారు?"

"మా అక్క, సార్."

"ఆమె చేపలు పడుతుందా?"

నాలుక చివరిదాకా "యెస్ సార్" వచ్చింది. అలవాటు కదా. కానీ ఆ నీళ్ళలో కూర్చున్న తమ్ముడు కళ్ళ ముందు మెదిలాడు. "లేదు సార్" అన్నాను. ఆ ఒక్క మాట ఊడిపడేసరికి మిగిలినవన్నీ దాని వెనకే వచ్చేశాయి. మాది నేత ఇల్లని, చేపలు పట్టడం మాట అటుంచి తినడం కూడా తెలియదని, గాలపు కర్ర ఎటు పట్టుకోవాలో కూడా ఎరగనని, సీసం చుట్టలేదని, గంజి పెట్టానని, నూనె రెండు చేతులు దువ్వానని, అన్నీ.

దొర కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "మరి చేపలు పడతానని ఎందుకన్నావు?"

"మీరడిగారు, సార్."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. ముందుకు వంగి, నెమ్మదిగా అన్నాడు: "రేపు ఒక పైపు విప్పే ముందు, లోపల ఖాళీ అయిందా అని నేనడుగుతాను. నువ్వు చూడలేదు. కానీ నేనడిగాను. ఏమంటావు?"

యెస్ సార్ అనబోయి నోరు మూసుకున్నాను. మేం పనిచేసే చోట ఆ పైపుల్లో పారేది గంజి కాదు. అవతల స్పానర్ పట్టుకుని ఉండే మనిషి ఏ కరీంనగర్ అన్నో, ఏ శ్రీకాకుళం తమ్ముడో అయి ఉంటాడు. దొర ఉత్తరం తీసి సొరుగులో పెట్టేశాడు. సంతకం పెట్టలేదు, చింపనూ లేదు. ప్రొబేషన్ ఇంకో మూడు నెలలు పొడిగించానన్నాడు. ఆ మూడు నెలల్లో నేను "లేదు" అనడం నేర్చుకోవాలి. ఇంకో మూడు డజన్ల నింఫ్‌లు కట్టాలి, సీసం చుట్టి, నూనె లేకుండా, వికారంగా.

ఆ సాయంత్రం అక్కకు ఫోన్ చేసి, తిట్లకు సిద్ధపడి, చేపలతో సహా మొత్తం చెప్పేశాను.

"ఎదవా, ముందే చెప్తే నూనె వద్దనేదాన్నిగా!" అని అరిచింది. "నీళ్ళలో మునగాల్సినదానికి నూనె రాస్తారా ఎవరన్నా? ఆ తీగ ఎందుకుందో అడిగితే చెప్పవేంరా నువ్వు? నా పేరూ పోగొట్టావు, ఆ పెద్దాయన్నీ చలిలో నిలబెట్టావు!"

చేప గురించి ఒక్క ముక్క అనలేదు. ఆమె బాధంతా పని చెడిందనే. ఇంతమంది దగ్గర నేను దాచినదాంట్లో దాచాల్సింది ఒక్కటీ లేదని తెలిశాక, నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

తర్వాత మూడు నెలలు పెద్ద తమాషా. దొర రోజూ ఎక్కడో ఒకచోట నన్ను పట్టుకుని అడిగేవాడు. మధ్యాహ్నం నేను కట్టిన చింపిరి నింఫ్‌ను ఎత్తి పట్టుకుని, "బాగుందా?" అనేవాడు. "లేదు సార్, చాలా అసహ్యంగా ఉంది" అనేవాణ్ణి. "దారిలోకొస్తున్నావు" అనేవాడు. ఇంట్లో అన్న నాకు రిహార్సల్స్ పెట్టేవాడు: "తమ్మీ, నా కూర మంచిగైందా?" "లేదన్నా." "గిది మాత్రం ప్రాక్టీసు గాదు, నిజం జెప్పు" అని మొహం మాడ్చుకునేవాడు. సెప్టెంబరులో ఒక ఉదయం, పది మంది నిలబడి ఉండగా, హెల్మెట్ల మధ్య నుంచి దొర కేకేశాడు: "ఆ లైను ఖాళీ చేశారా? విప్పొచ్చా?" అందరూ నా వంక చూశారు. అంతకుముందు షిఫ్టువాళ్ళు చేశామనే చెప్పి వెళ్ళారు.

"తెలియదు సార్. నేను కళ్ళతో చూడలేదు."

పని ఆగింది. నేను వెళ్ళి గేజీలు చూసి, వాల్వులు ఒక్కొక్కటీ చేత్తో పట్టి చూసి వచ్చాను. ఖాళీగానే ఉంది. పావుగంట వృథా అయింది, ఒకరిద్దరు నన్ను గుర్రుగా చూశారు. దొర మాత్రం గొంతు ఒక్కసారి కూడా సవరించుకోకుండా వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం భోజనం నుంచి వచ్చేసరికి నా బల్ల మీద ఆ ఉత్తరం ఉంది. సంతకం కాస్త వంకరగా, వణుకుతూ ఉంది. దాని మీద కాగితం ఎగిరిపోకుండా ఒక నింఫ్ పెట్టి ఉంది, ఆ తేలిన ముప్పై ఆరింట్లో ఒకటి, కత్తి తగలనిది.

ఇదంతా జరిగి ఇరవై ఏళ్ళు దాటింది. దొర రిటైరై తన నది దగ్గరకే వెళ్ళిపోయాడు. అన్న కరీంనగర్‌లో హార్డ్‌వేర్ కొట్టు పెట్టాడు. నేను అదే యూ టీలో ఫ్లాట్ కొనుక్కుని, పెళ్ళాంబిడ్డలతో ఇక్కడే ఉన్నాను. ఏటా ఏప్రిల్ వస్తే బల్లకు మర బిగించి మూడు డజన్లు కడతాను, న్యూజిలాండ్‌కు పంపిస్తాను. (ఇప్పటికీ నేను ట్రౌట్ చేపను చూడలేదు. రమ్మని ఆయన ప్రతి ఏడూ రాస్తాడు. చలి నాకు పడదని నిర్మొహమాటంగా రాస్తాను.) ఇప్పుడు కళ్ళజోడు లేకపోతే దారం కొస నాకే కనిపించడం లేదు. మా అమ్మాయి పక్కన కూర్చుని, "నాన్నా, దిస్ వన్ సో అగ్లీ లా" అంటుంది. అంతకంటే కితాబు లేదని దానికి తెలియదు.

పోయిన డిసెంబరులో అక్క వచ్చింది, మొదటిసారి. ట్రైన్లు, మాల్స్ అన్నీ చూసి, "బానే ఉన్నాయి" అని తేల్చేసి, మూడో రోజు నా బల్ల దగ్గర ఆగింది. అక్కడ చిన్న గాజు సీసాలో ఆ పాత నింఫ్ ఉంది. బయటికి తీయించుకుని, చీర కొంగుతో కళ్ళజోడు తుడుచుకుని, కిటికీ దగ్గరకెళ్ళింది. గోటితో ఆ చివర నుంచి ఈ చివరిదాకా తడిమింది. తిప్పి మళ్ళీ తడిమింది. కొస కోసం వెతుకుతోందని నాకు తెలుసు. నలభై అయిదేళ్ళు దాటినవాణ్ణి, పది మందికి పని చెప్పేవాణ్ణి, ఆ కాసేపూ బూడిద చేతుల కుర్రాడిలాగే పక్కన నిలబడ్డాను.

"కొస ఏదిరా?"

"నువ్వే వెతుక్కో."

ఇంకాసేపు వెతికింది. ఆఖరికి విసుగొచ్చి, బల్ల మీదున్న నా మంచినీళ్ళ గ్లాసులో దాన్ని పడేసింది. మా అమ్మాయితో సహా ముగ్గురం వంగి చూశాం. ఇరవై ఏళ్ళ నాటి పురుగు, ఒక్క బుడగ కూడా లేకుండా, నీళ్ళ మీద హాయిగా తేలింది.

"చూశావా నా గంజి!" అంది అక్క, మా అమ్మాయి వంక గర్వంగా చూస్తూ. తర్వాత, నా వంక చూడకుండా, గ్లాసులోకే చూస్తూ, నెమ్మదిగా అంది: "అతుకు ఫర్లేదురా."